కనుబొమకి ఒక వేలు ఎడం

సెల్యూట్ ఎట్లా చెయ్యాలో అడిగితే నిద్రలో లేపినా చేసి చూపిస్తాను. దాని గురించి రాయమంటే మాత్రం నాలుగు రోజులుగా కాగితం ముందు కూర్చోవడం, లేవడం, మంచినీళ్ళు తాగి రావడం, ఇదే పని. మన బడి ఇప్పటి హెడ్మాస్టరు గారు ఇంటికొచ్చి, "పాత సంగతి ఏదైనా ఒకటి పిల్లలకి రాసివ్వండి, మీరు మాట్లాడినట్టే రాయండి, చాలు" అన్నారు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే తెలుగు మాస్టారు దిద్దుతారని మాట తీసుకున్నాకే మొదలుపెట్టాను. పేర్లు ఎవరివీ రాయను. ఊళ్ళో అందరం రోజూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళమే కదా.

పిల్లలూ, మిరప కోతల కాలంలో మన బడి క్యాడెట్లు సెల్యూట్ చేసేటప్పుడు వేలికీ కనుబొమకీ మధ్య ఒక వేలు మందం ఎడం వదులుతారు. మీరూ వదులుతున్నారు. ఇది పక్క ఊరి బడుల్లో లేదు. ఎందుకని మీలో ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. ఆ సంగతే చెబుతాను.

నేను మిలిటరీ నుంచి హవల్దారుగా ఇంటికి వచ్చింది తొంభైల చివర్లో. వచ్చినవాణ్ణి ఊరికే కూర్చోలేక చిలకలూరిపేట హైవే మీద ఒక స్పిన్నింగు మిల్లులో గేటు దగ్గర చేరాను. పత్తి లారీ వస్తే గేటు తియ్యాలి, పోతే వెయ్యాలి. ఓనరు గారి కారు వస్తే సెల్యూట్ చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. చెయ్యే దానంతటదే లేచేది. ఒకరోజు మన బడి అప్పటి హెడ్మాస్టరు గారు బడికి బెంచీలు అడగడానికి ఓనరు దగ్గరికి వచ్చారు. పొడుగు మనిషి, తెల్ల పంచె, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. కారు లోపలికి పోయింది, ఆయన మాత్రం గేటు దగ్గరే ఆగిపోయారు.

"ఏవండీ, కారుకే ఇంత బాగా కొడితే, జెండాకి ఇంకెట్టా కొడతారు?" అన్నారు.

నేను గేటు మూసి గొళ్ళెం వేశాను.

"మా బడికి క్యాడెట్ ట్రూపు ఇచ్చారండీ. బట్టలొచ్చినయ్, బూట్లొచ్చినయ్. నేర్పే మనిషే లేడు. బెటాలియన్ నుంచి ఎవరో ఎప్పుడో వచ్చిపోతన్నారు. మీరు రాకూడదూ?"

"నేను ఐదే చదివానండీ."

"నేనేమన్నా మిమ్మల్ని లెక్కలు చెప్పమన్నానా?"

ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ, "గేటు దగ్గరైతే కుర్చీ అన్నా ఉంది. బళ్ళో పొద్దస్తమానం నిలబడే ఉండాలేమో చూసుకోండి" అంది. మర్నాడే మిల్లు మానేశాను.

బడిలో మొదటి ఇబ్బంది నన్ను ఏమని పిలవాలన్నది. ఐదో తరగతి దాటనివాణ్ణి సార్ అనడానికి కొందరు మాస్టార్లకి నోరు రాలేదు. అటెండరు "మిలిటరీ గారూ" అనేవాడు. పిల్లలు నా వెనక "లెఫ్ట్ రైట్" అనేవాళ్ళు. మిలిటరీలో డ్రిల్లు నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు. కొన్నేళ్ళు రంగరూట్లకి, అంటే కొత్తగా చేరిన కుర్రాళ్ళకి, నేర్పినందుకు నన్నూ అలాగే పిలిచేవాళ్ళు. ఆ పిలుపు మీద నాకు ఎంత మమకారమో ఇక్కడ ఎవరూ పిలవకపోతేగానీ తెలియలేదు.

ట్రూపుకి ఆఫీసరు మన లెక్కల మాస్టారు. బాగా బొద్దు మనిషి. యూనిఫాం బెల్టు చివరి చిల్లుకి కూడా అందేది కాదు, దబ్బనంతో ఇంకో చిల్లు పొడుచుకున్నారు. మొదటి రోజే నా భుజం మీద చెయ్యేసి, "చూడండి, అరవడం మీ పని, సంతకాలు నా పని. ఇద్దరం కలిస్తే ఒక ఆఫీసరు" అన్నారు. నన్ను స్టాఫ్ రూములోకి పిలిచి తన పక్కన కుర్చీ వేయించింది ఆయనే. ఆ మాట ఇక్కడ రాయకపోతే నాకు నిద్రపట్టదు.

డ్రిల్లు ఆర్డర్లన్నీ హిందీలో. సావధాన్ అంటే మడమలు కలిపి కొయ్యలా నిలబడాలి, విశ్రామ్ అంటే కాలు ఎడంగా వేసి కాస్త సడలాలి. అంతవరకు బాగానే నేర్చుకున్నారు. దాయే ముడ్ అంటే కుడికి, బాయే ముడ్ అంటే ఎడమకి తిరగమంటే మాత్రం సగం మంది ఎదురెదురు నిలబడి మొహాలు చూసుకుని నవ్వేవాళ్ళు. ఒకరోజు విసుగొచ్చి, "ఒరేయ్, దాయే అంటే ఎలపటెద్దు వైపు! బాయే అంటే దాపటెద్దు వైపు!" అని అరిచాను. అందరూ రైతుల పిల్లలే. కాడికి కుడి పక్క కట్టే ఎద్దేదో, ఎడమ పక్క కట్టేదేదో వాళ్ళకి పుట్టుకతో తెలుసు. ఆ పూట నుంచి ఎవరూ తప్పలేదు. లెక్కల మాస్టారు మాత్రం, "మా ఇంట్లో ఎద్దుల్లేవు, నేనేం కావాలి?" అన్నారు.

మొదటి ఏడాది ఆఖర్లో, మాఘమాసం వెళ్ళాక, బెటాలియన్ నుంచి కర్నల్ గారు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు. ఉత్తరాది మనిషి. పిల్లలు నడిచారు, తిరిగారు, బూటు చప్పుడు ఒక్కటిగా వచ్చింది. నాకు ఛాతీ పొంగింది. తర్వాత సెల్యూట్. కుడి చెయ్యి లేవాలి, అరచెయ్యి ముందుకు తిరగాలి, వేలి కొన కుడి కనుబొమ మీద ఆనాలి. ఒక్కళ్ళకీ ఆనలేదు. ఒకరికి వేలెడు ఎడం, ఒకరికి జానెడు. ఆగస్టు పదిహేనుకి చక్కగా ఆనిన చేతులే అవి.

కర్నల్ గారు నాతో హిందీలోను, హెడ్మాస్టరు గారితో ఇంగ్లీషులోను చెప్పారు. ఒకే దెబ్బ రెండు భాషల్లో పడింది. సెల్యూట్ సరిగా చెయ్యలేని ట్రూపు ఎందుకు, పట్టణంలో కాన్వెంటు బడి ఎప్పటినుంచో అడుగుతోంది, వచ్చే ఏడాదీ ఇలాగే ఉంటే ట్రూపు వాళ్ళకి ఇచ్చేస్తాం అన్నారు.

ట్రూపు పోతే నా ఉద్యోగం పోతుంది. మళ్ళీ గేటు దగ్గర కుర్చీ ఉండనే ఉంది, అదొక లెక్క కాదు. పిల్లల సంగతే బెంగ. ఆ యూనిఫాం వేసుకుని బజారులో నడిచేటప్పుడు వాళ్ళ నడక మారేది. ముఖ్యంగా ఆడపిల్లలది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది, ట్రూపుకి కమాండరుగా నేనే ఎంచాను. సన్నగా, నల్లగా, చింతబరికెలా ఉండేది. గొంతెత్తి ఆర్డరు వేస్తే రోడ్డు మీద సైకిళ్ళు ఆగేవి. వాళ్ళ నాన్న నాతో, "మీరొచ్చినాక ఇంట్లో మా మీద కూడా అరుత్తంది సార్, అన్నం తినేటప్పుడు గూడా సావధానంటంది" అన్నాడు. ఫిర్యాదులా చెప్పాడుగానీ మొహంలో ఫిర్యాదు లేదు. ట్రూపు ఉంటే ఆ పిల్లని పదో తరగతి అయ్యాక కూడా చదివిస్తానని, పోలీసుకి పంపిస్తానని నలుగురిలో అనేవాడు. ట్రూపు పోతే ఆ మాట ఎన్నాళ్ళు నిలబడుతుందో నాకు తెలుసు.

రెండో ఏడు సెల్యూట్ మీదే పడ్డాను. వర్షాకాలమంతా వేళ్ళు కనుబొమకి ఆనాయి. చలికాలం ఆనాయి. సంక్రాంతి దాటి కోతలు మొదలయ్యేసరికి మళ్ళీ ఎడం. అరిచాను. గ్రౌండు చుట్టూ పరిగెత్తించాను. పరిగెత్తొచ్చి మళ్ళీ ఎడంగానే చేశారు. ఎందుకురా అంటే నేల చూపులు.

నేను మిలిటరీకి పోయేనాటికి మా వైపు జొన్న, పొగాకు. మిరప ఎక్కడో ఒకటీ అరా. తిరిగొచ్చేసరికి ఊరంతా మిరప తోటే. అంటే నాకు మిరపకాయ తినడం తెలుసుగానీ కొయ్యడం తెలియదు.

ఒక సాయంత్రం మా ఆవిడ వాళ్ళ అన్నగారి చేలో కాయ కోసి వచ్చింది. వాకిట్లో నిలబడి రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టుకుని, "ఇటు రండి, నా నుదుటి మీద చెమట తుడవండి" అంది.

"ఏం, నీ చేతుల్లేవా?"

"ఉన్నయ్. కాయ కోసిన చేతులు. మొహానికి తగిలిత్తే తెల్లార్లూ మీరు కూర్చుని ఊదుతారా?"

తువ్వాలుతో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాను.

"ఏందీ, అట్టా చూత్తన్నారు?"

"బళ్ళో పిల్లలు కూడా కాయ కోస్తారా?"

"పదిహేడేళ్ళు ఏ దేశంలో ఉన్నారండీ మీరు? ఊళ్ళో కొయ్యంది ఎవరు? పొద్దున బడికి ముందు, సాయంత్రం బడైనాక, ఆదివారం పొద్దస్తమానం. ఇంటికొచ్చి మళ్ళా తొడిమలు తియ్యాల."

మర్నాడు గ్రౌండులో అందరినీ చేతులు చాపమన్నాను. వేళ్ళు కమిలి ఎర్రగా ఉన్నాయి. కొందరికి కొబ్బరినూనె జిడ్డు. దగ్గరికి వెళితే తుమ్మొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?" అని కమాండరు పిల్లని అడిగాను.

ఆ పిల్ల కాసేపు నసిగి, "మీరు మంచులో నిలబడి కాపలా కాశారంట గదా సార్. మిరపకాయ మంటని చెబితే నవ్వుతారని" అంది.

ఆ మాట విన్నాక ఆ పూట డ్రిల్లు చెయ్యించలేకపోయాను. కబడ్డీ ఆడుకోమన్నాను.

అప్పుడు ఇంకోటి కూడా గమనించాను. రంగరూట్లకి సావధాన్‌లో మొహం ముట్టుకోకుండా నిలబడటం నేర్పడానికి నెలలు పట్టేది. ఈగ వాలితే తోలుకునేవాళ్ళు, ముక్కు గోక్కునేవాళ్ళు. మన పిల్లలకి అది నేర్పాల్సిన పనే రాలేదు. చెమట కారినా, దురద పుట్టినా చెయ్యి మొహం దగ్గరికి పోదు. మిరప తోట నేర్పిన సావధాన్ అది.

కానీ కర్నల్ గారికి అదంతా చెబితే సాకులా ఉంటుంది. లెక్కల మాస్టారూ నేనూ ఆలోచించి రైతుల దగ్గరికి వెళ్ళాం. టీ బంకు దగ్గర పదిమందీ ఉండగా అడిగాను. ఇన్‌స్పెక్షన్‌కి ముందు రెండు రోజులు క్యాడెట్ పిల్లల చేత కాయ ముట్టించొద్దు అని.

కమాండరు పిల్ల వాళ్ళ నాన్న తల గోక్కున్నాడు. "కూలోళ్ళు దొరక్క సస్తన్నాం సార్. కాయ పండితే ఆగుద్దా? మీ కర్నలు ఆగుతాడేమో అడగండి."

"ట్రూపు పోద్ది" అన్నాను.

టీ గ్లాసు అక్కడ పెట్టేశాడు. "సరే. రెండ్రోజులే గదా. మా పిల్ల వంతు కూడా నేను కోత్తా" అన్నాడు. ఆయన ఒప్పుకున్నాక మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఒప్పుకున్నారు.

మాట నిలబెట్టుకున్నారు కూడా. ఇన్‌స్పెక్షన్ ముందురోజు మధ్యాహ్నానికి పిల్లల చేతులు తెల్లగా, వేళ్ళు కనుబొమల మీద దిట్టంగా ఉన్నాయి. లెక్కల మాస్టారు ఆనందం పట్టలేక అందరికీ పుల్ల ఐసు కొనిపెట్టారు.

సాయంత్రం పడమట మబ్బేసింది.

మీకు చెప్పాల్సిన పని లేదు. బడి వెనకంతా కల్లాలు. ఊరి ఏడాది కష్టం అక్కడ ఎర్రగా ఎండుతోంది. ఎండిన కాయ మీద వాన పడితే బూజు పట్టి, సగం ధర కూడా పలకని తాలుకాయ కింద పోతుంది. ఆడా మగా ముసలీ ముతకా అంతా పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. వెళ్ళేసరికి క్యాడెట్లంతా అక్కడే ఉన్నారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ రావద్దని చెప్పడానికి తీరికా లేదు. చేతులతోనే కాయ పోగులు చేస్తున్నారు. పట్టాలు కప్పేటప్పుడు గాలికి ఎగిరిపోతుంటే ఆ కమాండరు పిల్ల పోగు మీద నిలబడి, "ఎలపటోళ్ళు లాగండి! దాపటోళ్ళు తొక్కి పట్టండి!" అని అరుస్తోంది. పెద్దవాళ్ళు కూడా ఆ ఆర్డరుకే లాగారు. ఏ కల్లంలోనూ కాయ తడవలేదు.

తీరా చూస్తే నాలుగు చుక్కలు రాల్చి మబ్బు వెళ్ళిపోయింది. మా చేతులు మండించడానికే వచ్చినట్టు వచ్చింది.

పిల్లలు నా చుట్టూ చేరారు. మజ్జిగ, కొబ్బరినూనె ఏది రాసినా తెల్లారేసరికి ఆ ఘాటు పోదని అందరికీ తెలుసు.

"సార్, రేపు సెల్యూటు?" అంది కమాండరు పిల్ల.

"ఒక వేలు ఎడం పెట్టండి. అందరూ ఒకేలా పెట్టండి. మాటపడితే నేను పడతాను."

ఆ పిల్ల తన వేళ్ళకేసి చూసుకుంది. పట్టా అంచు మీద రాయి పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు ఎండ కాసింది. గ్రౌండు చుట్టూ ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. జీపు దిగిన కర్నల్ గారు నన్ను చూసి తలూపారు, నవ్వలేదు. హెడ్మాస్టరు గారు వక్కపొడి మానేసి వచ్చారంటే ఎంత భయపడ్డారో చూడండి.

కమాండరు పిల్ల ముందుకొచ్చి ఆర్డరు వేసింది. చేతులన్నీ ఒక్కసారి లేచాయి.

వేళ్ళు ఆనాయి.

ముందు ఆ పిల్లది. ఆమె వెనక మూడు వరసల్లో ఒక్కటి కూడా తప్పకుండా అందరివీ. టోపీ కింద చెమట, ఆ చెమట మీద మిరప వేళ్ళు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. కుడి కళ్ళు ముందు ఎర్రబడ్డాయి. తర్వాత నీళ్ళు. చెయ్యి దించాక కూడా ధారలు ఆగలేదు. ఒక్కరూ కన్ను నలపలేదు, ఒక్క చెయ్యీ మొహం దగ్గరికి పోలేదు. లెక్కల మాస్టారు నా చెవిలో, "ఆపెయ్యమని చెప్పండీ, నేను చూడలేను" అన్నారు. ఆపడానికి ఆ క్షణంలో నాకు అధికారం లేదు. పెరేడ్ కర్నల్ గారిది.

ఆయన ఆ పిల్ల ముందు ఆగారు. "క్యోఁ రో రహీ హో బేటీ? డర్ గయీ?" అన్నారు. ఎందుకు ఏడుస్తున్నావు, భయమేసిందా అని.

"నహీఁ సాబ్."

"తో ఫిర్?" మరెందుకు అని.

ఆ పిల్ల చూపు కదల్చలేదు. "సావధాన్ మేఁ హూఁ, సాబ్" అంది.

సావధాన్‌లో ఉన్నాను అని. వాళ్ళకి నేను నేర్పిన హిందీ అంతకంటే లేదు. అంతకంటే అక్కర్లేదు కూడా.

కర్నల్ గారు ఆమె చెయ్యి పట్టుకుని ఊపారు. ముందు వరసలో అందరికీ చెయ్యిచ్చారు. ఇచ్చి, నీడలోకి వచ్చి, టోపీ ఎత్తి, అదే చేత్తో కంటి మీద చెమట తుడుచుకున్నారు.

ఊరంతా ఒక్కసారి ఊపిరి పట్టింది. జరగబోయేది ఏమిటో ఆ గ్రౌండులో తెలియని మనిషి ఆయనొక్కడే.

"అరే! క్యా హై యే!" అని కన్ను పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. లెక్కల మాస్టారు నీళ్ళ చెంబుతో పరిగెత్తారు. ఇంతలో జనంలోంచి ఒక ముసలమ్మ, కమాండరు పిల్ల నాయనమ్మే, చేతులు ఊపుకుంటూ వచ్చింది.

"నీళ్ళు కొట్టమాకండయ్యా, ఇంకా మండుద్ది! ఆ చెయ్యి తియ్ నాయనా, నలపమాక! పిల్లోడికంటే అన్నాయంగా ఉన్నావే!"

ఆయనకి తెలుగు రాదు, ఆమెకి ఆయనెవరో పట్టింపు లేదు. పమిట చెంగు ఉండ చుట్టి, నోటికి పెట్టుకుని గట్టిగా ఊది, ఆ వెచ్చటి గుడ్డ ఆయన కంటికి అద్దింది. మళ్ళీ ఊదింది, మళ్ళీ అద్దింది. కర్నల్ గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా తల ఎత్తి కూర్చున్నారు.

కాసేపటికి రెండో కన్ను తెరిచి ఎటు చూశారంటే గ్రౌండు వైపు. పిల్లలు ఇంకా సావధాన్‌లోనే ఉన్నారు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆయన కన్ను ఎంత మండుతోందో అంత మంటా అక్కడ ప్రతి ఒక్కరి కంట్లో ఉందని అప్పుడు తెలిసింది ఆయనకి.

నన్ను పిలిచారు. ముందురోజు మబ్బు సంగతీ, కల్లాల సంగతీ చెప్పాను. ఎడం పెట్టమని నేనే చెప్పాను సాబ్, వాళ్ళే వినలేదు అన్నాను.

ఆయన కన్ను తుడుచుకోబోయి చెయ్యి దించేశారు. తర్వాత లేచి నిలబడి, హెడ్మాస్టరు గారూ స్టాఫంతా వింటుండగా, "ఉస్తాద్" అన్నారు.

మన బడి గ్రౌండులో నన్ను అలా పిలవడం అదే మొదలు.

"ఉస్తాద్, మిర్చీ కే మౌసమ్ మేఁ ఏక్ ఉంగ్లీ గ్యాప్. యే మేరా ఆర్డర్ హై." మిరప కాలంలో ఒక వేలు ఎడం, ఇది నా ఆర్డరు అని. ట్రూపు గురించి హెడ్మాస్టరు గారు అడగబోతే చెయ్యి అడ్డంగా ఊపి, ఇది ఇక్కడే ఉంటుంది, పట్టణం పిల్లలకి ఇంకోటి ఏదైనా ఇద్దాంలే అన్నారట ఇంగ్లీషులో.

నేను ఆ తర్వాత రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. స్టాఫ్ రూములో అందరూ ఉస్తాద్ గారూ అనడం అలవాటు చేసుకున్నారు. ఆ పిల్ల పదో తరగతి దాటింది, కాలేజీ కూడా దాటింది, పోలీసు బట్టలు వేసుకుంది. మొన్న సెలవులకి వచ్చినప్పుడు మా ఇంటికొచ్చి సెల్యూట్ చేసింది. కోతల కాలం కాదు కాబట్టి వేలు కనుబొమకి ఆనింది. నేను చూసుకున్నాను.

ఆ రోజు మిగిలింది ఇంకొక్క ముక్క. కర్నల్ గారు జీపు ఎక్కారు. ఒక కన్ను మందారంలా ఉంది. బండి కదిలేటప్పుడు పిల్లల వైపు తిరిగి సెల్యూట్ చేశారు. వేలికీ కనుబొమకీ మధ్య ఒక వేలు ఎడం పెట్టి చేశారు.

జీపు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఊరి జనం గోల గోలగా మాట్లాడుకుంటున్నారు. ఆ గోలలో ఎక్కడో ఏదో తక్కువైనట్టుంటే వెనక్కి తిరిగి చూశాను. మూడు వరసలూ కదలకుండా అలాగే నిలబడి ఉన్నాయి. ఇంకా ఎవరూ వాళ్ళకి విశ్రామ్ చెప్పలేదు.

చెప్పాను. కాళ్ళన్నీ ఒక్క చప్పుడుతో పడ్డాయి.